చచ్చినవి లెక్కలోకి, బతికినవి నష్టంలోకి: పశురోగాల నష్టాన్ని కొలిచేదెలా?

క్లుప్తంగా: పశువులకు రోగం వచ్చినప్పుడు వార్తల్లోకి వచ్చేది చావుల సంఖ్య. రైతు జేబుకు పడే చిల్లిలో అది చాలాసార్లు చిన్న భాగమే. తగ్గిన పాలు, ఆలస్యమైన ఈత, పడిపోయిన ధర, ముందే పెట్టిన నివారణ ఖర్చు కలిస్తేనే అసలు భారం తెలుస్తుంది. ఆ మొత్తం తెలిసినా పని పూర్తికాదు. అందులో ఎంత తప్పించగలిగేదన్నదే విధానానికి పనికొచ్చే అంకె.

2025 ఫిబ్రవరి రెండో వారంలో గోదావరి జిల్లాల్లోని తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాల పేర్లు ఒక్కసారిగా రెండు తెలుగు రాష్ట్రాల్లో మార్మోగాయి. అక్కడి కోళ్ల ఫారాల నుంచి పంపిన నమూనాల్లో బర్డ్‌ఫ్లూ ఉందని భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల తేల్చింది. ఫారాల చుట్టూ కిలోమీటరు మేర ఆంక్షలు, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. ఎన్ని కోళ్లు చనిపోయాయి, ఎన్నింటిని పూడ్చిపెట్టారు అన్నదే ఆ రోజుల్లో అందరి ప్రశ్న.

వైరస్ ఛాయలే లేని జిల్లాల్లోనూ చికెన్ కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఆంధ్ర నుంచి వచ్చిన కోళ్ల లారీలను వెనక్కి తిప్పారు. అమ్మకానికి సిద్ధమైన బ్రాయిలర్ కోడి లారీ రాకపోయినా మేత తినడం ఆపదు. పైగా వయసు మీరేకొద్దీ పెట్టిన మేతకు వచ్చే మాంసం తగ్గుతుంది. అంటే ఫారంలో ఒక్క కోడి కూడా తుమ్మని రైతుకు సైతం రోజురోజుకూ నష్టమే. అదే వారం చేపలు, మటన్ అమ్మేవారికి గిరాకీ పెరిగింది. చచ్చిన కోళ్ల పట్టికలో ఆ రైతూ కనిపించడు, ఈ అమ్మకందారులూ కనిపించరు.

పశురోగాల నష్టం గురించి వచ్చే అంకెలు తరచూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండటానికి మూలం ఇక్కడే ఉంది. ఎవరి నష్టం, దేనితో పోల్చి, ఎంతకాలం వరకు అన్నవి ముందే తేల్చుకోకపోతే ప్రతి అంకె ఒక కథ చెబుతుంది.

నష్టం ఒకటి, ఖర్చు ఒకటి

ఈ లెక్కకు ఒక పద్ధతి తెచ్చినవారిలో బ్రిటన్ వ్యవసాయ ఆర్థికవేత్త జాన్ మెకినర్నీ ముఖ్యుడు. 1990ల్లో ఆయన చెప్పింది వినడానికి చాలా మామూలు మాట. రోగం వల్ల పడే భారంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి, రావాల్సింది రాకపోవడం: పాలు, మాంసం, గుడ్లు, దూడలు. రెండు, రోగాన్ని ఆపడానికో తగ్గించడానికో అదనంగా పెట్టేది: టీకా, మందు, డాక్టర్ ఫీజు, రైతు పోగొట్టుకున్న కూలి. ఈ రెండూ తక్కెడలా కదులుతాయి. నివారణ మీద ఏమీ పెట్టకపోతే నష్టం ఆకాశానికి చేరుతుంది. ఖర్చు పెంచుకుంటూ పోతే నష్టం తగ్గుతుంది, కానీ ఒక దశ దాటాక పెట్టిన రూపాయికి రూపాయి కూడా తిరిగి రాదు.

కాబట్టి నష్టాన్ని సున్నాకు దించడం లక్ష్యం కాదు. నష్టం, ఖర్చు రెండూ కలిపి ఎక్కడ అతి తక్కువగా ఉంటాయో ఆ చోటే లక్ష్యం. ఇప్పుడు పడుతున్న భారానికీ, ఆ కనిష్ఠ భారానికీ మధ్య తేడాయే తప్పించగలిగే నష్టం. 'ఫలానా జబ్బు వల్ల దేశానికి ఇన్ని వేల కోట్ల నష్టం' అనే శీర్షికలో ఆ తేడా ఎంతో ఉండదు. అందుకే అలాంటి అంకె భయపెట్టినంత బాగా దారి చూపదు.

గాలికుంటు: ఒక గేదె పద్దు

గాలికుంటు (ఫుట్ అండ్ మౌత్) వ్యాధి సోకిన గేదెకు ముందు జ్వరం వస్తుంది. తర్వాత నోటి నుంచి తీగలు తీగలుగా చొంగ కారుతుంది. నాలుక మీద, చిగుళ్ల మీద బొబ్బలు లేచి పగిలి పుండ్లవుతాయి. పచ్చగడ్డి వేస్తే మూతి పెట్టి వదిలేస్తుంది. గిట్టల నడుమ పుండ్లతో ఒక కాలు ఎత్తుతూ, ఒకటి మోపుతూ నిలబడుతుంది. వాటి మీద ఈగలు ముసిరితే పురుగులు పడతాయి. చన్నుల మీద బొబ్బలొస్తే పితకనివ్వదు. పితక్కపోతే పొదుగువాపు తోడవుతుంది. ఇంత చేసినా పెద్ద పశువుల్లో చావులు తక్కువే, సాధారణంగా నూటికి ఐదు లోపే. దూడల్లో మాత్రం వైరస్ గుండె కండరాన్ని పడుతుంది కాబట్టి అవి ఉన్నట్టుండి కూలిపోతాయి.

రెండు మూడు వారాలకు పుండ్లు మానుతాయి. 'తగ్గిందిలే' అని ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. నష్టం మాత్రం అప్పటికి ఇంకా సగం కూడా పూర్తి కాదు.

ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం. పూటకు 4 లీటర్ల చొప్పున రోజుకు 8 లీటర్లిచ్చే గేదె, లీటరు 60 రూపాయలు. జబ్బు పడ్డ 10 రోజులు 2 లీటర్లే ఇచ్చింది: 60 లీటర్లు పోయాయి. తర్వాత 30 రోజులు 5 లీటర్లు: మరో 90. ఆ ఈతలో మిగిలిన 120 రోజులూ పాత పాలకు చేరుకోలేక లీటరున్నర తక్కువతోనే గడిచింది: 180. మొత్తం 330 లీటర్లు, అంటే 19,800 రూపాయలు. నీరసించిన పశువు సమయానికి ఎదకు రాలేదు. 21 రోజుల చొప్పున నాలుగు ఎదలు తప్పితే 84 రోజులు. అన్ని రోజులు అదనంగా వట్టి గేదెను మేపాలి. రోజుకు 120 రూపాయల మేత అనుకుంటే 10,080. మందులకు 2,000. ఇక ఒక తీసివేత కూడా ఉంది, లెక్కలు కట్టేవాళ్లు మరిచేది దీన్నే: జబ్బు రోజుల్లో దాణా తినలేదు కాబట్టి 40 రోజులకు 1,600 మిగిలింది. నికరంగా 30,280 రూపాయలు.

ఇప్పుడు ఒక ఊళ్లో 100 గేదెలకు సోకి రెండు చనిపోయాయనుకుందాం. ఒక్కోటి 80 వేలు చేస్తే చావుల నష్టం లక్షా 60 వేలు. బతికిన 98 గేదెల నష్టం 29 లక్షల 67 వేలు. అన్నింటికీ జబ్బు అంత తీవ్రంగా రాదు, నిజమే. సగమే పట్టుకున్నా దాదాపు 15 లక్షలు, అంటే చావుల నష్టానికి తొమ్మిది రెట్లు. అయినా అధికారిక పట్టికలో మొదటి వరుస చావులదే. బీమా డబ్బు ప్రధానంగా చావుకే వస్తుంది. చెవిపోగుతో సహా కళేబరం ఫొటో చూపించవచ్చు గానీ, పితకని పాలకు ఫొటో ఎక్కడిది?

2022లో గుజరాత్, రాజస్థాన్‌లతో మొదలై అనేక రాష్ట్రాలను కుదిపిన లంపీ స్కిన్ విషయంలోనూ ఇదే జరిగింది. ఆ ఏడాది దేశంలో లక్షన్నర దాకా పశువులు చనిపోయాయన్నది అందరికీ గుర్తుంది. ఒంటి నిండా గడ్డలతో కోలుకున్న లక్షల ఆవుల పాలు ఎంత తగ్గాయి, ఎన్ని చూడి ఆవులు ఈసుకుపోయాయి (గర్భస్రావమైంది) అన్నది ఎవరి నోటా వినిపించలేదు.

ఒకే జబ్బు, 50 రెట్ల తేడా

గొర్రెలు, మేకలకు వచ్చే పీపీఆర్‌ను మన కాపరులు పారుడు రోగం అంటారు. ఇది మన దేశంలో తొలిసారి 1987లో తమిళనాడులోని అరసూరులో బయటపడింది. దీనివల్ల దేశానికి ఏటా 180 కోట్ల రూపాయల నష్టమని 2002 నాటి అంచనా ఒకటుంది. 2014లో మరో అధ్యయనం దాదాపు 8,900 కోట్లంది. పన్నెండేళ్లలో మటన్ ధర పెరిగింది గానీ 50 రెట్లు పెరగలేదు. జీవాల సంఖ్యా అంతగా పెరగలేదు. మారింది ప్రధానంగా లెక్క కట్టిన తీరు.

ఇలాంటి అంచనాలన్నీ మూడు అంకెల గుణకారాలే: మొత్తం జీవాలెన్ని, ఏడాదిలో ఎన్నింటికి జబ్బు సోకుతుంది, సోకిన ఒక్కోదాని మీద ఎంత నష్టం. మొదటిది పశుగణన నుంచి వస్తుంది, దాదాపు నమ్మవచ్చు. 2019 గణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్ల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు, దేశంలో మొదటి రెండు స్థానాలూ ఇవే. మూడోది రైతుల్ని కూర్చోబెట్టి అడిగితే కొంత తేలుతుంది. తంటా అంతా నడిమి అంకెతోనే. రెండు రాష్ట్రాల 3.67 కోట్ల గొర్రెల్లో నూటికి ఒకదానికి జబ్బు వస్తుందనుకుని, ఒక్కోదానికి 2,000 నష్టం వేస్తే 73 కోట్లు. నూటికి ఐదు అనుకుంటే 367 కోట్లు. రెండు ఊహల్లో ఏదీ అసాధ్యమైనది కాదు.

ఆ నడిమి అంకెను ఆసుపత్రి రికార్డుల నుంచి తీసుకుంటే తక్కువ వస్తుంది, ఎందుకంటే గుట్టల మీద మందతో తిరిగే కాపరి ప్రతి గొర్రె కోసం డాక్టర్ దగ్గరకు రాడు. ఊళ్లలో సర్వే చేస్తే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే రోగం వచ్చిపోయిన ఊళ్లనే సర్వేకు ఎంచుకునే అలవాటుంది. గాలికుంటు అంచనాలదీ అదే తంతు. ఒక అధ్యయనం ఏటా 12 వేల నుంచి 14 వేల కోట్లంటే, ప్రభుత్వ పరిశోధన సంస్థలు 20 వేల కోట్లకు పైగా అని రాస్తాయి. ఒక ఏడాది విజృంభించి, తర్వాత రెండేళ్లు నెమ్మదించే జబ్బును 'సగటున ఏటా' అనడంలోనే సగం గందరగోళం ఉంది. గాలికుంటు దక్షిణాదిని ఊపేసిన 2013ను లెక్కలో కలిపితే ఒక సగటు, వదిలేస్తే ఇంకోటి.

దేనితో పోల్చాలి?

ఇంకో చిక్కు ఉంది. ప్రతి జబ్బు మీద పనిచేసేవారు తమ జబ్బు నష్టాన్ని విడిగా లెక్కిస్తారు. గాలికుంటు ఇంత, పొదుగువాపు ఇంత, కార్జపు జలగలు, కడుపులో నట్టలు ఇంత. అన్నీ కూడితే కొన్నిసార్లు ఆ పశువు జన్మలో ఇవ్వగలిగిన పాలకంటే ఎక్కువ నష్టం తేలుతుంది! ఒకే గేదెకు నట్టలూ ఉంటాయి, సరైన మేతా ఉండదు, దాని మీద గాలికుంటు వస్తుంది. తగ్గిన లీటరులో ఎవరి వాటా ఎంత?

మనుషుల వైద్యంలో ఈ గొడవను 1990ల్లోనే ఎదుర్కొన్నారు. ప్రపంచ బ్యాంకు 1993 నివేదికతో వెలుగులోకి వచ్చిన రోగభారం లెక్కల్లో, రోగాల వల్ల కోల్పోయిన ఆరోగ్యవంతమైన ఏళ్లను ఒకే కొలతలోకి తెచ్చారు. అదే దారిలో 2018లో జంతువ్యాధుల ప్రపంచ భారం అనే కార్యక్రమం మొదలైంది. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం, ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ దీనికి ముందు నిలిచాయి. వీళ్లు జబ్బు నుంచి మొదలుపెట్టరు, మంద నుంచి మొదలుపెడతారు. ఏ రోగమూ, గాయమూ, చావూ లేకుండా ఉంటే ఈ మంద ఎంత ఇచ్చేది? ఇప్పుడు ఎంత ఇస్తోంది? ఆ తేడా మొత్తాన్ని ముందు ఒక కవరులో పెట్టి, తర్వాతే అందులోంచి ఒక్కో జబ్బు వాటా తీస్తారు. వాటాల మొత్తం కవరును దాటకూడదు. మొదటగా ఇథియోపియాలో ఈ పద్ధతిని ప్రయోగించి చూశారు.

ప్రపంచ పశు ఉత్పత్తిలో రోగాల వల్ల 20 శాతానికి పైగా పోతోందన్న మాట ఏళ్ల తరబడి ప్రతి సదస్సులోనూ వినిపిస్తోంది. దానికి పునాది ఎంత గట్టిదన్న ప్రశ్న కూడా ఈ కొత్త ప్రయత్నానికి ఒక కారణం.

కవరు పద్ధతికీ లోటుంది. ఏ రోగమూ లేని మంద కాగితం మీద తప్ప ఎక్కడా లేదు, ఎంత డబ్బు పోసినా రాదు. కాబట్టి అది నష్టానికి పైకప్పు మాత్రమే. పైకప్పు ఎత్తు తెలిస్తే అతిశయోక్తులు ఆగుతాయి, అంతవరకు ఉపయోగమే. అయితే నెల్లూరు గొర్రెకూ, పుంగనూరు ఆవుకూ 'ఆదర్శం' ఎంతని నిర్ణయించేదెవరు? కరవు మేతతో బతికే పశువును పుష్కలంగా మేసే పశువుతో పోల్చి, ఆ తేడానంతా రోగం ఖాతాలో వేస్తే అది మేత నష్టమే గాని రోగ నష్టం కాదు.

ధర తిరగబడినప్పుడు

రోగం వల్ల సరుకు తగ్గితే ధర పెరుగుతుంది. అప్పుడు జబ్బు తగలని రైతు లాభపడతాడు, కొనేవాడు నష్టపోతాడు. రోగం వల్ల భయం పుడితే ధర పడుతుంది. అప్పుడు రైతులందరూ నష్టపోతారు, ధైర్యంగా తినేవాడికి చవక. గోదావరి జిల్లాల్లో జరిగింది రెండోది. దేశం మొత్తం మీద లెక్కేస్తే ఒకరి నష్టం మరొకరి లాభంతో కొంత చెల్లిపోతుంది, కానీ బ్యాంకు అప్పుతో ఫారం పెట్టిన రైతుకు దేశం మొత్తం లెక్కతో పనేముంది? అందుకే రైతు నష్టం, రంగం నష్టం, దేశం నష్టం అని మూడు వేర్వేరు అంకెలు చెప్పాలి. మూడింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తే తప్పులు మొదలవుతాయి.

బ్రిటన్‌లో 2001లో వచ్చిన గాలికుంటు దీనికి పెద్ద పాఠం. ఫిబ్రవరిలో ఎసెక్స్‌లోని ఒక కబేళాలో బయటపడిన జబ్బు సెప్టెంబరు దాకా 2,026 చోట్ల తేలింది. 60 లక్షలకు పైగా జంతువుల్ని చంపారు. వాటిలో చాలావాటికి జబ్బే లేదు. పెద్దవాటిని పెద్దగా చంపని వైరస్ కోసం అన్నింటిని చంపడమేమిటి? గాలికుంటు లేని దేశమన్న హోదా పోతే మాంసం ఎగుమతులు ఆగుతాయి, ఆ హోదా తొందరగా తిరిగి రావాలంటే టీకా కంటే వధే దగ్గరి దారి అని లెక్క వేశారు. ప్రభుత్వానికి 300 కోట్ల పౌండ్లకు పైగా, ప్రైవేటు రంగానికి 500 కోట్లకు పైగా ఖర్చయిందని అక్కడి ఆడిట్ సంస్థ తర్వాత తేల్చింది. పల్లె బాటలు మూసేయడంతో పర్యాటకులు రాక హోటళ్లు, చిన్న దుకాణాలు దెబ్బతిన్నాయి. అవి వ్యవసాయ ఎగుమతుల లెక్కలో మొదట లేవు. మే నెలలో పెట్టాలనుకున్న ఎన్నికలు కూడా జూన్‌కు జరిగాయి. వధా, టీకానా అని తేల్చిన లెక్కలో ఊరి హోటలువాడు కూడా ఉండి ఉంటే జవాబు ఎలా ఉండేదన్న చర్చ ఇప్పటికీ ఆగలేదు.

చెప్పని జబ్బులు

ఏ కొలతకైనా ముడిసరుకు రైతు ఇచ్చే కబురు. కబురు ఇస్తే ఏమవుతుందో రైతు ముందే బేరీజు వేసుకుంటాడు. జబ్బని చెబితే సంత మూస్తారు, పాలు తీసుకోరు, కోళ్లైతే మొత్తం పూడ్చేస్తారు. పరిహారం మార్కెట్ ధర కంటే తక్కువైతే, అదీ నెలల తర్వాత వస్తుందంటే, దగ్గుతున్న కోళ్లను రాత్రికి రాత్రే బేరగాడికి తోలేయడమే తెలివైన పని అనిపిస్తుంది. ఆ లారీయే జబ్బును పక్క జిల్లాకు చేరుస్తుంది. అంటే పరిహారం రేటు ఒక ఖర్చు మాత్రమే కాదు, అది కొలత పరికరంలో భాగం. రేటు తగ్గిస్తే ఖజానాలో డబ్బు మిగిలినట్టుంటుంది, లెక్కలో జబ్బు తగ్గినట్టూ ఉంటుంది.

కొన్ని జబ్బులు రైతు కంటికే కనిపించవు. పొదుగువాపులో పొదుగు ఎర్రబడి, పాలు విరిగినట్టు వచ్చే రకం అందరికీ తెలుసు. పైకి ఏ గుర్తూ లేకుండా పాలు మాత్రం తగ్గే రకమే ఎక్కువ. నాలుగు గుంటల పళ్లెంలో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పిండి, ద్రావణం కలిపి తిప్పితే, జబ్బున్న చన్ను పాలు జిగురులా చిక్కబడతాయి. ఒక నిమిషం పని. అది చేయని ఇంట్లో 'ఈ గేదె పాలింతే' అని సరిపెట్టుకుంటారు.

పెరటి కోళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) వచ్చి ఊళ్లో కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయినా ఏ రికార్డుకూ ఎక్కదు. ఆ డబ్బు ఇంట్లో ఆడవాళ్ల చేతి ఖర్చు కావడం వల్ల ఇంటి లెక్కలోనే సరిగ్గా ఉండదు, ఇక దేశం లెక్కలో ఎక్కడిది?

టీకా ఎంత మిగిల్చింది?

తప్పించగలిగే నష్టాన్ని పూర్తిగా తప్పించిన జబ్బు పశువుల్లో ఒక్కటే: పశువుల ప్లేగు అనే రిండర్‌పెస్ట్. మన దేశంలో 1995 తర్వాత అది కనిపించలేదు. 2011లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. దాని టీకా ఒక్కసారి వేస్తే దాదాపు జీవితాంతం పనిచేసేది. గాలికుంటు టీకాకు ఆ బలం లేదు. మన దేశంలో తిరిగే ఓ, ఏ, ఆసియా-1 అనే మూడు రకాల వైరస్‌లకూ కలిపి ఆరు నెలలకోసారి వేస్తూనే ఉండాలి. అంటే ఖర్చు అనే ముక్క ఏటా వస్తూనే ఉంటుంది.

కేంద్రం 2019 సెప్టెంబరులో మథురలో ప్రారంభించిన జాతీయ పథకం దీనికోసమే. గాలికుంటుకు, చూడి పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్‌కు కలిపి ఐదేళ్లకు 12,652 కోట్లు కేటాయించి, 2030 నాటికి రెండింటినీ నిర్మూలించాలన్నారు. బ్రూసెల్లోసిస్ టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడ దూడలకు ఒక్కసారి వేస్తే చాలు. ఈసుకుపోవడాలు తగ్గడంతో పాటు పాలు పితికేవారికి, పురుడు పోసేవారికి సోకే జ్వరమూ తగ్గుతుంది. పశువుల పద్దులో రాసిన ఖర్చుకు వచ్చే ఫలితంలో కొంత మనుషుల ఆసుపత్రి బిల్లుల్లో కనిపిస్తుందన్నమాట.

టీకాలు ఎన్ని కోట్ల డోసులు వేశారన్నది శ్రమకు కొలత, ఫలితానికి కాదు. ఫలితం తెలియాలంటే రక్త పరీక్షలు కావాలి. టీకా వల్ల రక్తంలో పుట్టిన ప్రతిరోధకాలకూ (యాంటీబాడీలకూ), నిజంగా వైరస్ సోకితే పుట్టేవాటికీ తేడా చూపే పరీక్ష గాలికుంటుకు ఉంది. ఏటా ఆ నమూనాల్లో రెండో రకం తగ్గుతూ వస్తే టీకా పనిచేస్తున్నట్టు. రైతు చెప్పినా చెప్పకపోయినా ఇది తెలుస్తుంది, గుణకారంలో ఆ నడిమి అంకె కాస్త గట్టిపడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా కొన్ని రాష్ట్రాలను గాలికుంటు లేని ప్రాంతాలుగా మార్చాలన్న ఆలోచన ముందుకు సాగాలన్నా, కొనే దేశాలు అడిగేది ఇలాంటి రుజువులనే.

ఇక మూడో అంకె, అంటే ఒక్కో పశువు మీద నష్టం. దానికి కావాల్సిన సమాచారం ఊళ్లోనే ఉంది. పాల కేంద్రంలో పొద్దున, సాయంత్రం ప్రతి ఇంటి లీటర్లూ, వెన్న శాతమూ యంత్రంలో నమోదవుతాయి. అది రైతు పేరున ఉంటుంది, పశువు పేరున కాదు. పశువు చెవికున్న 12 అంకెల పోగు మీద టీకా తేదీలు, కృత్రిమ గర్భధారణ సూది వేయించిన వివరాలు ఉంటాయి. వాటి పక్కన చాలా ఊళ్లలో పాల లెక్క ఉండదు. ఊళ్లో గాలికుంటు మొదలైన రోజున కేంద్రానికి వచ్చే పాలు తగ్గుతాయి. ఆ తగ్గుదల ఆ సాయంత్రమే యంత్రంలో ఉంటుంది. పశువైద్యశాలకు కబురు అందేసరికి ఇంకో వారం పడుతుంది.